పచ్చి కోడిమాంసం కడగడం

పచ్చి కోడిమాంసం కడగడం అనగా వంటకు ముందు కోడిమాంసాన్ని కుళాయి కింద గానీ, గిన్నెలోని నీటిలో గానీ శుభ్రపరచడం. భారతదేశంతో సహా అనేక దేశాలలో ఇది తరతరాలుగా వస్తున్న అలవాటు. తెలుగువారి ఇళ్ళలో మాంసానికి పసుపు, ఉప్పు పట్టించి రెండు మూడు సార్లు నీటితో కడుగుతారు. కరీబియన్ దీవులలో నిమ్మరసం లేదా వినెగర్‌తో కడగడం ఆనవాయితీ. అయితే బ్రిటన్, అమెరికా దేశాల ఆహార భద్రతా సంస్థలు కోడిమాంసాన్ని కడగవద్దని సూచిస్తున్నాయి. కడిగినందువలన మాంసంపై ఉన్న బాక్టీరియా పూర్తిగా పోదని, పైగా అది వంటగదిలోని ఇతర వస్తువులకు వ్యాపిస్తుందని ఈ సూచనకు కారణం.

మాంసంపై ఉండే సూక్ష్మజీవులు

పచ్చి కోడిమాంసం ద్వారా వ్యాపించే బాక్టీరియాలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ ముఖ్యమైనవి. ఇవి కోడి ప్రేగులలో నివసిస్తూ కూడా సాధారణంగా కోడికి జబ్బు కలిగించవు. కోడిని కోసి, ఈకలు పీకి, ప్రేగులు తొలగించే సమయంలో మాంసానికి అంటుకుంటాయి. అందువలన ఆరోగ్యంగా కనిపించిన కోడి మాంసంపై కూడా ఇవి ఉండవచ్చు. వీటి ఉనికిని రంగును బట్టి గానీ, వాసనను బట్టి గానీ గుర్తించలేము.

సాల్మొనెల్లాకు అమెరికా పశువైద్యుడు డేనియల్ ఎల్మర్ సాల్మన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. దీని వలన జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలుగుతాయి. కాంపైలోబాక్టర్ దాదాపు 42 డిగ్రీల సెల్సియస్ వద్ద చక్కగా పెరుగుతుంది. కోడి శరీర ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే. ఈ బాక్టీరియా శరీరంలో ప్రవేశించిన 2 నుండి 5 రోజుల తరువాత గానీ సాధారణంగా జబ్బు బయటపడదు. కాబట్టి జబ్బుకు కారణం ఏ పూట తిన్న ఆహారమో రోగికి తెలియకపోవచ్చు. అరుదుగా ఇది నరాలను దెబ్బతీసే గిలియన్ బారీ సిండ్రోమ్‌కు దారితీస్తుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ జబ్బుల వలన ప్రమాదం ఎక్కువ.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014 ఫిబ్రవరి నుండి 2015 ఫిబ్రవరి వరకు దుకాణాలలోని తాజా కోళ్ళను పరీక్షించగా, వాటిలో 73 శాతం కోళ్ళపై కాంపైలోబాక్టర్ కనిపించింది. కోడిని కడగవద్దని ఈ సంస్థ 2014 జూన్‌లో పెద్ద ఎత్తున ప్రచారం చేసింది.

కడిగితే జరిగేది

బాక్టీరియా మాంసపు పొరలకు, చర్మంలో ఈకలు మొలిచే రంధ్రాలకు అంటిపెట్టుకొని ఉంటుంది. నీటి ధార పైపై రక్తాన్ని, మురికిని తొలగించగలదు గానీ, ఈ బాక్టీరియాను పూర్తిగా తొలగించలేదు. పసుపు, ఉప్పు, నిమ్మరసం, వినెగర్ మాంసం వాసనను తగ్గించి రుచిని పెంచుతాయి. కానీ ఇంట్లో వాడే మోతాదులో, కొద్ది నిమిషాలలో ఇవి మాంసాన్ని సురక్షితం చేస్తాయని భావించరాదు.

కుళాయి ధార మాంసంపై పడినపుడు తుంపరలు చిమ్ముతాయి. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ప్రకారం ఈ తుంపరలు అన్ని వైపులకూ 50 సెంటీమీటర్లకు పైగా వెళ్ళగలవు. కుళాయి ఎత్తు పెరిగేకొద్దీ చిమ్మడం ఎక్కువవుతుందని, మెత్తని మాంసం ధార తాకిడికి గుంటపడడం వలన కూడా తుంపరలు పెరుగుతాయని 2022లో ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది. పక్కనే తరిగి పెట్టిన ఉల్లిపాయ, కొత్తిమీర, కీరదోస ముక్కలపై ఈ తుంపరలు పడితే, వాటిని ఉడికించకుండానే తింటాము కనుక ప్రమాదం కలుగుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ 2019లో ఒక అధ్యయన ఫలితాలను వెల్లడించింది. ఇందులో హాని చేయని, సులభంగా గుర్తించగల బాక్టీరియాను కోడిమాంసానికి పూసి, దానిని వండే వారిని పరిశీలించారు. మాంసం కడిగినవారిలో 60 శాతం మంది సింకులలో ఆ బాక్టీరియా కనిపించింది. సింకును శుభ్రం చేసిన తరువాత కూడా 14 శాతం సింకులలో మిగిలింది. కడిగినవారిలో 26 శాతం మంది తయారుచేసిన సలాడ్‌కు అది చేరింది. మాంసం కడగనివారిలో కూడా 31 శాతం మంది సలాడ్‌లో బాక్టీరియా కనిపించడం గమనార్హం. అనగా కడగడం మానినంత మాత్రాన సరిపోదు. చేతులు, కత్తి, పీట శుభ్రంగా ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

భారతదేశంలో పరిస్థితి

పాశ్చాత్య దేశాలలో కోడిమాంసం చాలావరకు కర్మాగారంలో శుభ్రపరచి, చల్లబరచి, ప్యాకెట్లలో దుకాణాలకు వస్తుంది. కడగవద్దనే సూచన ఇటువంటి మాంసాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినది. మన ఊళ్ళలో బతికున్న కోడిని కోసి, కొయ్య మొద్దుపై ముక్కలు కొట్టి ఇవ్వడం సాధారణం. అటువంటి మాంసంపై రక్తం, ఈకలు, ఎముక తునకలు, కొయ్య పొట్టు ఉండే అవకాశం ఉంది. కాబట్టి దానిని కడగడానికి కారణం లేకపోలేదు. అయితే ఈ మాంసంపై ఉండే బాక్టీరియా గుణం వేరు కాదు, తుంపరల ప్రమాదమూ తగ్గదు.

పాటించవలసిన జాగ్రత్తలు

మురికి కొద్దిగా ఉంటే తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని వెంటనే చెత్తబుట్టలో వేయవచ్చు. కడగక తప్పనపుడు ఈ క్రింది పద్ధతి వలన ప్రమాదం తగ్గుతుంది.

* పచ్చిగా తినే కూరగాయలను, పండ్లను ముందుగానే తరిగి, మూతపెట్టి దూరంగా ఉంచాలి. సింకు చుట్టూ ఉన్న గిన్నెలను తీసివేయాలి.
* లోతైన గిన్నెలో ముందుగా నీరు పోసి, అందులో ముక్కలను నెమ్మదిగా వేసి చేతితో కదపాలి. కుళాయి ధార కింద కడగరాదు.
* ఆ నీటిని సింకు రంధ్రం దగ్గరగా, చిందకుండా వంచాలి.
* గిన్నెను, కత్తిని, పీటను, సింకును, గట్టును సబ్బుతో వేడినీటితో కడగాలి. సింకును, గట్టును ఆ తరువాత క్రిమినాశకంతో తుడవాలి. చేతులను కనీసం 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి.

ఉడికించడం

బాక్టీరియాను నిజంగా నశింపజేసేది వేడి మాత్రమే. మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఈ సూక్ష్మజీవులు చనిపోతాయి. చిన్న ముక్కలతో చేసే పులుసు కూర బాగా మరిగితే ఈ వేడి సులభంగా అందుతుంది. ఎముక ఉన్న తొడ ముక్కలు, నిప్పులపై కాల్చే తందూరీ, పచ్చి మాంసంతో దమ్ చేసే బిర్యానీ వంటి వాటిలో పైభాగం ఉడికినా లోపల పచ్చిగా మిగిలే అవకాశం ఉంది. మాంసం రంగు మారడం సరైన గుర్తు కాదు, వంట ఉష్ణమాపకంతో చూడడం నమ్మదగిన పద్ధతి. పచ్చి మాంసం నానిన మసాలాను మరిగించకుండా తిరిగి వాడరాదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా సాల్మొనెల్లా పూర్తిగా చావదు కనుక, గడ్డకట్టిన మాంసాన్ని కూడా పూర్తిగా ఉడికించవలసి ఉంటుంది.