పుట్టినింటి పక్షమున

రగ్బీ లీగ్ అను ఆటను మన సోదరీమణులలో పెక్కుమంది చూచియుండరు. పురుషుల పెనుగులాటలతో మనకేమి పని యని కొందఱు పుట త్రిప్పివేయవచ్చును. కాని ఆర్థర్ బీట్సన్ చరిత్రమున, పుట్టినిల్లు మెట్టినిల్లు అను మాటల యర్థ మెఱిగిన వారికి మనసు నాటు విషయ మొకటి కలదు.

ముందుగా ఆట సంగతి. 1895లో ఉత్తర ఇంగ్లండునందలి కొన్ని క్లబ్బులు, ఆటకై పని మానిన గనిపనివారికిని మిల్లుకూలీలకును పోయిన కూలి చెల్లింపవలయునని కోరి, పాత రగ్బీ సంఘమునుండి విడిపోయెను. కలవారి బిడ్డలకు ఆట వినోదమే. కూలివాని యింట నొకనాటి కూలి పోయిన పొయ్యిమీది కుండకే లోటు గదా! పక్షమునకు పదుమువ్వురు. బంతిని పట్టుకొని పరుగిడవచ్చును గాని చేతితో ముందువానికి అందింపరాదు. ప్రక్కకో వెనుకకో ఈయవలయును. మన చెడుగుడులోవలెనే ఎదుటివారు పట్టి నేల గూల్తురు. పదుమువ్వురిలో ఆర్గురు ఫార్వర్డులు. గోడవలె నిలిచిన ప్రత్యర్థులలోనికి చొచ్చి దారి చేయుట వీరి పని. చప్పట్లు తఱచు వెనుక పరుగెత్తువారికి, దెబ్బలు వీరికి.

బీట్సన్ 1945లో ఆస్ట్రేలియాయందలి క్వీన్స్‌లాండు రాష్ట్రమున, రోమా అను ఊర జన్మించెను. తల్లి ఆదివాసి స్త్రీ. ఆ దేశపు ప్రభుత్వములు ఆదివాసి బిడ్డలను కన్నవారినుండి విడదీసి వేఱుచోట్ల పెంచు దుర్నయము పెక్కేండ్లు సాగెను. బాల్యమున నట్లు విడదీయబడిన వారిలో నామెయు నొకతె. 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటునందు ఇందులకు క్షమాపణ చెప్పెను. ఖాళీయైన ఒడి క్షమాపణతో నిండునా?

1965లో బ్రిస్బేను నగరపు పోటీలలో రెడ్‌క్లిఫ్ పక్షమును గెలిపించిన జట్టులో నుండి, మఱుసటి యేట బీట్సన్ సిడ్నీ చేరి బాల్‌మెయిన్ క్లబ్బున కుదిరెను. ఆ యేడే దేశపు జట్టునకును ఎక్కెను. భారీ విగ్రహము, భోజనప్రియుడు. సగము ఆటకే అలసిపోవునని ఆదిలో వెక్కిరించినవారు కలరు. 1971లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బునకు మాఱిన పిదప ఆ నోళ్లు మూతబడెను. ఇద్దఱు ముగ్గురు మీదబడి వ్రేలాడుచున్నను చేతులు విడిపించుకొని, కూలుటకు ముందే వెంటనున్న వానికి బంతి నందించుట యతని విద్య. బలము చాలమందికి ఉండును. బలము నడుమ ఆ నేర్పు అరుదు. 1973లో ఆస్ట్రేలియా జట్టునకు నాయకుడయ్యెను. ఆదివాసులలో ఆ గౌరవ మందినవారిలో నతడే మొదటివాడు. 1974, 1975లలో అతని నాయకత్వమున క్లబ్బు వరుసగా విజేత యయ్యెను. రెండవయేటి తుదిపోటీలో 38 పాయింట్లు సాధించి ఎదుటివారికి ఒక్కటియు దక్కనీయలేదు.

ఇన్ని కలిగియు ఒక కొఱత. రాష్ట్రములు తమలో తాము పోటీపడునప్పుడు, ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బున జీతము తీయుచున్నాడో ఆ రాష్ట్రము పక్షముననే ఆడవలయునని నాటి నియమము. సిడ్నీ క్లబ్బులకు ధనము మెండు. క్వీన్స్‌లాండు మేటి బిడ్డలెల్ల అచటికే పోయి, న్యూ సౌత్ వేల్స్ పక్షమున పుట్టినింటినే ఓడించుచుండిరి. బీట్సనును అట్లే పలుమాఱులు ఆడవలసివచ్చెను. పెండ్లినాటితో ఇంటిపేరు మాఱిన మనకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

1980 జులై 8వ తేదీన పుట్టుకనుబట్టి జట్టులను కూర్చి చూచిరి. స్టేట్ ఆఫ్ ఆరిజిన్ అను పోటీ అట్లు పుట్టినది. బీట్సనునకు అప్పటికి 35 ఏండ్లు. సిడ్నీలోని పారమాటా క్లబ్బున ఆట చివరి దినములలో నుండెను. క్వీన్స్‌లాండు అతనినే నాయకునిగా పిలిచెను. క్లబ్బులో కలసిమెలసి ఆడువారు ఎదురుబొదురైన మనసారా ఆడుదురా యని పలువురికి సందేహము. బ్రిస్బేనులోని లాంగ్ పార్కున ఆ రాత్రి బీట్సన్, తన క్లబ్బువాడేయైన మిక్ క్రోనినును మొగమాటము లేక కరకుగా ఢీకొనెను. సందేహము తీఱెను. క్వీన్స్‌లాండు 20, న్యూ సౌత్ వేల్స్ 10.

ఆ పోటీలో నతడాడినది ఆ యొక్క ఆటయే. పిమ్మట శిక్షకుడై 1982 మొదలు మూడేండ్లు వరుసగా తన రాష్ట్రమును గెలిపించెను. 2011 డిసెంబరు 1న గోల్డ్ కోస్టున సైకిలు త్రొక్కుచు ప్రాణములు విడిచెను. లాంగ్ పార్కు వెలుపల నేడతని కంచువిగ్రహ మున్నది.