ఫుట్‌బాల్ క్రీడాప్రాంగణము – దాని నిర్మాణములోని విజ్ఞానము

నగరమున క్రొత్త క్రీడాప్రాంగణము వెలసినప్పుడు జనులు మొదట దాని ఎత్తును, కప్పును, దీపస్తంభములను చూచి ఆశ్చర్యపడుదురు. కాని నిర్మాణము మంచిదో కాదో తేల్చునవి అవి కావు. వాన వెలిసిన తరువాత మైదానమున నీరు ఎంత వేగముగా ఇంకును? కట్టకడపటి వరుసలోని ప్రేక్షకునకు బంతి కనబడునా? ఆట ముగిసిన పిమ్మట వేలకొలది జనులు ఎంతసేపటికి క్షేమముగా వెలుపలికి రాగలరు? ఈ మూడు ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పగలిగినదే మంచి క్రీడాప్రాంగణము.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ క్రొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. దాని శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతజట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలందు స్వర్ణపతకము పొందినది. నగరములోని ఫతే మైదానమునకు 1967లో లాల్ బహదూర్ స్టేడియమని పేరు పెట్టిరి. అచట క్రికెట్టు, ఫుట్‌బాల్ రెండును ఆడెడివారు. 2002 జాతీయక్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికయైన గచ్చిబౌలి స్టేడియము 2019 నుండి కొన్ని సంవత్సరములు హైదరాబాద్ ఎఫ్.సి. జట్టుకు సొంత మైదానముగా నుండెను. అందు ఆటస్థలము చుట్టు పరుగుబాట కలదు. శ్రీనిధి డెక్కన్ జట్టు మాత్రము 2022–23 ఐ-లీగ్ పోటీలలో తన సొంత ఆటలను నగరము వెలుపల అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాలో ఆడినది. అది ఫుట్‌బాల్ కొరకే ఏర్పడిన మైదానము.

పచ్చిక క్రింద

అంతర్జాతీయ పోటీలకు తగిన ఆటస్థలము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండును. దాని వైశాల్యము 7,140 చదరపు మీటర్లు. దానిపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో 71,400 లీటర్ల నీరు చేరును. ఈ నీటిని త్వరగా పంపివేయనిచో ఆటగాండ్రు జారిపడుదురు. పచ్చిక వేళ్లకు గాలి అందక కుళ్లును.

నల్లరేగడి నేల తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. అందుచేత పై మన్ను తొలగించి, అడుగున రంధ్రములు గల గొట్టములను పరచి, వానిపై కంకరను, కంకరపై సుమారు 30 సెంటీమీటర్ల మందమున ఇసుకను పోయుదురు. ఇసుక రేణువుల నడుమ సన్నని సందులలో నీరు కేశనాళికా చర్యచే నిలుచును. కంకర సందులు పెద్దవి గనుక నీరు వెంటనే వానిలోనికి దిగదు. ఇసుక బాగుగా తడిసి, పై నీటి బరువు ఆ చర్యను మించినప్పుడే అది కంకరలోనికి జారి గొట్టములను చేరును. కావున ఈ ఏర్పాటు వానలో మురుగుకాలువగాను, ఎండలో నీటితొట్టిగాను పనిచేయును.

పైన నాటు పచ్చిక అందరికిని తెలిసిన గరిక జాతియే. అది నేలపై ప్రాకు కాడలతోను, నేలలో ప్రాకు కాడలతోను వ్యాపించుటచే బూట్ల త్రొక్కిడికి తెగినను మరల పెరుగును. కాని దానికి నీడ గిట్టదు. ప్రేక్షకుల కొరకు వేసిన పెద్ద కప్పు పచ్చికకు శత్రువగుటయు కలదు. ఆటస్థలమును ఉత్తర దక్షిణములుగా అమర్చుటకు కారణము కూడ సూర్యుడే. సాయంకాలపు వాలుటెండ ఏ గోల్‌కీపరు కన్నులలోను సూటిగా పడరాదు.

ప్రేక్షకుని చూపు

ప్రతి ప్రేక్షకుని చూపు ముందున్నవాని తలకు సుమారు 12 సెంటీమీటర్లు పైగా పోవలెనని నిర్మాణకారులు లెక్కింతురు. వెనుక వరుసలకు పోయినకొలది ఈ ఎడమును నిలుపుటకు మెట్టు ఎత్తు క్రమముగా పెంచవలసి వచ్చును. అందుచేతనే మెట్లవరుస తిన్నని గీతగా కాక, పైకి వంగిన రేఖగా కనబడును. ఇది సరూప త్రిభుజముల పాఠమునకు చక్కని ఉదాహరణము.

పరుగుబాట ఈ చూపును దూరము చేయును. ప్రామాణికమైన 400 మీటర్ల బాటలో తిన్నని భాగము 84.39 మీటర్లు, అర్ధవృత్తముల వ్యాసార్ధము 36.5 మీటర్లు. అనగా లోపలి పొడవు 157 మీటర్లకు పైబడును. అందులో 105 మీటర్లు తీసివేయగా ప్రతి గోలు వెనుకను 26 మీటర్లు మిగులును. ఎనిమిది వరుసల బాటకు మరి పది మీటర్లు. ఆ విధముగా గోలు వెనుక కూర్చున్నవాడు ఆటకు 36 మీటర్లకు పైగా దూరమగును. కాని ఆ బాట వలన అదే స్థలమున పరుగుపందెములకు కూడ అవకాశము కలుగుచున్నది. ఒక్క ఆటకు దగ్గరితనమా, పలు ఆటలకు నీడయా అనునది ఆ నగరము తన అవసరమును బట్టి నిర్ణయించుకొనవలసిన విషయము.

ద్వారములు, ప్రాణములు

అన్నిటికంటె ముఖ్యమైనది జనుల రాకపోకల లెక్క. ఒక మీటరు వెడల్పుగల మెట్లదారిలో నిమిషమునకు 66 మంది మాత్రమే సురక్షితముగా దిగగలరని ప్రమాణము. ఎనిమిది నిమిషములలో అందరును వెలుపలికి రావలెను. పదివేలమంది ప్రేక్షకులున్నచో రెండేసి మీటర్ల వెడల్పుగల పది మెట్లదారులు కావలెను. వానిలో ఐదింటికి తాళము వేసినచో అదే పనికి పదునైదు నిమిషములు పట్టును. వెనుకనున్నవారికి ముందరి అడ్డంకి తెలియదు. వారు త్రోయుచునే యుందురు. ఆ ఒత్తిడికి ముందున్నవారు ఊపిరాడక మరణింతురు.

1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఫుట్‌బాల్ చూడవచ్చినవారిలో 16 మంది మృతిచెందిరి. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియము వెలుపల ద్వారములయొద్ద త్రొక్కిసలాటలో 11 మంది మరణించిరి. గేట్ల వెలుపలి ఆవరణము కూడ కట్టడములో భాగమేయని రెండవ దుర్ఘటన బోధించుచున్నది.

విద్యార్థులకు ఒక ప్రయోగము

పాలకుర్తి వంటి మండలకేంద్రమునకు నగరపు మెట్లవరుసలు అక్కరలేకపోవచ్చును. నీరు నిలువని మైదానము మాత్రము ప్రతి పాఠశాలకును అవసరము. తెలంగాణములో ఎర్రని చెలక నేలలును, నల్లరేగడి నేలలును కలవు. రెండు చోట్ల ఒక్కొక్క అడుగు లోతు గుంట త్రవ్వి, ఒకసారి నీరు పోసి ఇంకనిచ్చి, రెండవసారి నింపి, పది నిమిషముల కొకసారి నీటిమట్టమును కొలిచి పట్టికలో వ్రాయవలెను. ఇసుకపాలు ఎక్కువగా గల చెలకలో నీరు త్వరగా దిగుటయు, రేగడిలో నిలిచిపోవుటయు కనబడును. ఊరిలో మైదానము కొరకు స్థలమును ఎన్నుకొనునప్పుడు పెద్దలకు ఆ పట్టిక ఎంతయో ఉపయోగపడును. ముందు నీటికి దారి, పిదప జనులకు దారి, ఆ తరువాతనే కప్పు, దీపములు. ఏ క్రీడాప్రాంగణమునకైనను ధనము వెచ్చింపవలసిన క్రమము ఇదియే.