సింగపూర్‌లో సొంతిల్లు: సంతకానికి ముందు తీర్చుకోవలసిన సందేహాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. సింగపూర్ వచ్చిన వాళ్ళకు కట్టే శ్రమ ఎలాగూ లేదు, కొని చూడటమే! పీఆర్ వచ్చి, పిల్లలు బడిలో కుదురుకోగానే మనవాళ్ళ ప్రతి ఇంట్లో మొదలయ్యే చర్చ ఇది. నేను న్యాయవాదిని కాను, కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. అయితే మిత్రుల మధ్య పదే పదే వినిపించే ప్రశ్నల్లో ఒక విషయం గమనించాను. మనల్ని చిక్కుల్లో పడేసేవి కొత్త మాటలు కావు, పాత మాటలే! అడ్వాన్సు, జాయింటు, అద్దె, ఊళ్ళో ఇల్లు... వీటికి హైదరాబాద్‌లో ఉన్న అర్థమే ఇక్కడా ఉంటుందనుకుంటాం. ఇక్కడి చట్టం అలా అనుకోదు.

ఎవరు ఏ ఇల్లు కొనవచ్చు?

ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవారు హెచ్‌డీబీ ఫ్లాట్ కొనలేరు. కాండో కొనవచ్చు గానీ 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయులకు అదనపు స్టాంపు డ్యూటీ 60 శాతం. భార్యాభర్తలిద్దరూ పీఆర్ అయితే హెచ్‌డీబీ రీసేల్ ఫ్లాట్ కొనవచ్చు. దానికి ఇద్దరికీ పీఆర్ వచ్చి మూడేళ్ళు నిండాలి. విడి ఇల్లు, అంటే నేలతో సహా వచ్చే ఇల్లు కొనాలంటే పీఆర్‌లకు కూడా ప్రభుత్వ అనుమతి కావాలి. ఇవికాక హెచ్‌డీబీ బ్లాకుల్లో జాతులవారీ కోటా, పీఆర్ కోటా ఉన్నాయి. నచ్చిన ఫ్లాట్‌కు కోటా మిగిలి ఉందో లేదో బేరం ఆడకముందే చూసుకోవాలి.

బ్యాంకు ఎంత ఇస్తుంది? మన చేతి నుంచి ఎంత?

హెచ్‌డీబీ ఇచ్చే అప్పు కావాలంటే కుటుంబంలో కనీసం ఒక్కరైనా సింగపూర్ పౌరులై ఉండాలి. ఇద్దరూ పీఆర్‌లైతే బ్యాంకే గతి. మొదటి ఇంటి అప్పుకు బ్యాంకు గరిష్ఠంగా 75 శాతం ఇస్తుంది. 6 లక్షల డాలర్ల రీసేల్ ఫ్లాట్ అనుకుందాం. అప్పు నాలుగున్నర లక్షలు. కనీసం 5 శాతం, అంటే 30 వేలు, రొక్కంగానే కట్టాలి. మిగిలిన లక్షా 20 వేలు సీపీఎఫ్ నుంచి గానీ, రొక్కంగా గానీ కట్టవచ్చు. దీనిపైన మామూలు స్టాంపు డ్యూటీ 12,600, పీఆర్‌లకు మొదటి ఇంటికే 5 శాతం అదనపు డ్యూటీ మరో 30,000 డాలర్లు. ఫ్లాట్‌కు కట్టిన విలువ కన్నా ఎక్కువ ధరకు కొంటే ఆ తేడా అంతా రొక్కమే!

హెచ్‌డీబీ ఇంటి వాయిదా నెల ఆదాయంలో 30 శాతం దాటకూడదు. అన్ని అప్పుల వాయిదాలు కలిపి 55 శాతం దాటకూడదు. ఈ "అన్ని అప్పుల" లోకి హైదరాబాద్ ఫ్లాట్ మీద కడుతున్న ఈఎంఐ కూడా వస్తుంది.

తనఖా అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇలా చెప్పండి: ఇల్లు మనదే, ఉండేది మనమే. కానీ అప్పు తీరేదాకా ఆ ఇంటి మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. వాయిదాలు ఆగిపోతే దాన్ని అమ్మి బాకీ రాబట్టుకోవచ్చు. అమ్మిన డబ్బు చాలకపోతే మిగిలినది కూడా మనమే కట్టాలి.

అడ్వాన్సు ఇచ్చాక మనసు మారితే?

ఇక్కడ ఓటీపీ అంటే ఫోనుకు వచ్చే ఆరంకెల సంఖ్య కాదు, ఆప్షన్ టు పర్చేజ్! హెచ్‌డీబీ రీసేల్‌లో ఆప్షన్ రుసుము వెయ్యి డాలర్లు మించకూడదు. నిర్ణయానికి 21 రోజుల గడువు. ఆప్షన్ తీసుకోకముందే మీ చేతిలో హెచ్‌డీబీ ఇచ్చే అర్హత లేఖ, అంటే హెచ్‌ఎఫ్‌ఈ లెటర్ ఉండాలి. కాండో రీసేల్‌లో ధరలో ఒక శాతం ఇచ్చి రెండు వారాల గడువు తీసుకోవడం ఆనవాయితీ. గడువు దాటితే ఆ డబ్బు పోయినట్టే. "పెద్దమనుషుల్లో పెట్టి తిరిగి తీసుకుందాం" అన్న మాట ఇక్కడ చెల్లదు. అందుకే బ్యాంకు నుంచి సూత్రప్రాయ అంగీకారం ముందు, అడ్వాన్సు తర్వాత.

ఊళ్ళో ఇల్లు ఉంటే ఫరవాలేదా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అదనపు స్టాంపు డ్యూటీ లెక్కలో సింగపూర్‌లోని ఇళ్ళనే చూస్తారు, కూకట్‌పల్లి ఫ్లాట్ లెక్కలోకి రాదు. కానీ హెచ్‌డీబీ అర్హత దగ్గర విదేశాల్లోని ఇల్లు కూడా లెక్కే. కొన్నదైనా, వారసత్వంగా వచ్చినదైనా చెప్పి తీరాలి. ప్రైవేటు ఇల్లు ఉన్నవారు దాన్ని అమ్మాక 15 నెలలు ఆగి రీసేల్ ఫ్లాట్ కొనాలన్న నియమం 2022 సెప్టెంబర్ 30న వచ్చింది. ఇలాంటి గడువులు మారుతుంటాయి కనుక దరఖాస్తు నాటికి ఉన్న నియమాన్ని హెచ్‌డీబీ వద్దే సరిచూసుకోండి. "ఇక్కడివాళ్ళకు ఎలా తెలుస్తుందిలే" అనుకోవద్దు. తప్పుడు ప్రకటన నేరం, ఫ్లాట్‌నే వెనక్కి తీసుకోవచ్చు.

ఇండియా తిరిగి వెళ్తే అద్దెకిచ్చుకోవచ్చా?

కాండో అయితే ఇవ్వవచ్చు. హెచ్‌డీబీ ఫ్లాట్ మొత్తాన్ని అద్దెకిచ్చే అనుమతి పీఆర్‌లకు లేదు. అమ్ముదామంటే మామూలుగా అయిదేళ్ళు అందులో కాపురం ఉండాలి. అమ్మినప్పుడు ఇంటికి వాడిన సీపీఎఫ్ సొమ్మును వడ్డీతో సహా మీ సీపీఎఫ్ ఖాతాకే జమ చేయాలి. చేతికి వచ్చే రొక్కం అనుకున్నదానికన్నా తక్కువగా ఉండటానికి కారణం ఇదే. కాండోను 2025 జులై 4 తర్వాత కొని నాలుగేళ్ళలోపు అమ్మితే అమ్మకందారు స్టాంపు డ్యూటీ పడుతుంది. మొదటి ఏడాది అది 16 శాతం.

ఇద్దరి పేర్లూ ఉంటే చాలదా?

ఇది అందరూ వాయిదా వేసే ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది. మన దేశంలో దస్తావేజులో ఇద్దరి పేర్లుంటే సాధారణంగా ఎవరి వాటా వారిది, అది వారి వారసులకు వెళ్తుంది. ఇక్కడ జాయింట్ టెనెన్సీ అని రాయించుకుంటే, ఒకరు పోయాక ఇల్లు మొత్తం బతికి ఉన్నవారిదే. వీలునామాలో మరోలా రాసినా చెల్లదు. వాటాలు విడిగా ఉండాలంటే టెనెన్సీ ఇన్ కామన్ ఎంచుకోవాలి.

వీలునామా లేకపోతే? హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం పోయిన కొడుకు ఆస్తిలో భార్యాపిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. సింగపూర్ చట్టంలో భార్యకు సగం, పిల్లలకు సగం. భార్యాపిల్లలు ఉంటే తల్లిదండ్రులకు ఏమీ రాదు. ముస్లింలకు వారసత్వ నియమాలు వేరు. ఇక్కడి ఇంటికి ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. గుంటూరులో మీ మీదే ఆధారపడిన అమ్మ ఉంటే, ఆమె సంగతి మీరు ఇప్పుడే కాగితం మీద పెట్టాలి.

అప్పు సంగతీ అంతే. సీపీఎఫ్‌తో హెచ్‌డీబీ వాయిదాలు కట్టేవారికి హోమ్ ప్రొటెక్షన్ స్కీమ్ తప్పనిసరి. జరగరానిది జరిగితే బీమా ఉన్న మేరకు బాకీ తీరుతుంది. కాండోలకు ఈ పథకం లేదు, విడిగా బీమా తీసుకోవాలి.

లాయరును కలిసే రోజు ఇద్దరూ కలిసి వెళ్ళండి. వాయిదా ఎంత అన్న ప్రశ్నతో పాటు "మాలో ఒకరు లేకపోతే ఈ ఇల్లు ఎవరిది, అప్పు ఎవరిది?" అని అడగండి. ఆ సమాధానం ఇద్దరికీ అర్థమయ్యాకే సంతకం పెట్టండి. ఆ తర్వాత నిశ్చింతగా పాలు పొంగించండి, మమ్మల్నీ గృహప్రవేశానికి పిలవండి!