మోడెము పలికినన్నాళ్లు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసుపూరు రైల్వే కాలనీలలో మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములు నేటికిని కలవు. బంగాళా–నాగపూరు రైల్వే కంపెనీ కాలమున శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పెద్దలు లోకోషెడ్డులోను యార్డులోను కుదురుకొనగా, వారి కొడుకులు గార్డులును స్టేషను మాస్టర్లునై పదవీ విరమణ చేయగా, మనుమలు హైదరాబాదునకో అమెరికాకో తరలిపోయిన యిండ్లవి. అట్టి యొక యింట సంక్రాంతికి ముందు అటక దులుపుచుండగా, తాతగారి చేతిలాంతరునకును తండ్రిగారి పచ్చజెండాకును నడుమ, ముందుభాగమున చిన్న దీపములు వరుసగా గల నల్లని పెట్టె యొకటి బయటపడుట చూచితిని. అది యేమని పదియేండ్ల బాలుడడిగెను. "పాత ఇంటర్నెట్టు పెట్టెరా" అని బామ్మగారు చెప్పి, దాని మీది దుమ్ము కొంగుతో తుడిచి మరల అటకకే యెక్కించిరి. ఆ పెట్టె పేరు మోడెము. దానిని నమ్ముకొని ఆకాశమునకెగసి, అంత త్వరితముగను నేలకు దిగిన తెలుగువారి కంపెనీ యొకటి కలదు గనుక, ఆ రెంటి చరిత్రలను కలిపి చెప్పుటయే న్యాయము.

టెలిఫోను తీగ మనుష్యుని మాట కొఱకు పుట్టినది. కంఠధ్వనిలో అర్థమగుటకు చాలినంత భాగము సెకనుకు 300 మొదలు 3,400 కంపనముల లోపల నుండునని గ్రహించిన ఇంజనీర్లు, ఆ హద్దులకు వెలుపలిదానిని తీగ మీదికి రానీయక కత్తిరించివేసిరి. అట్టి ఇరుకుదారిలో కంప్యూటరు తన సున్నలను, ఒకట్లను పంపవలెనన్న వానికి ముందుగా కంఠమిచ్చుట తప్పనిసరియయ్యెను. అంకెలను స్వరములుగా మార్చుట మాడ్యులేషను. స్వరములను మరల అంకెలుగా విప్పుట డీమాడ్యులేషను. ఈ రెండు మాటల తలలను కలిపి కుట్టినదే మోడెము అను పేరు. 1962లో అమెరికాలోని బెల్ వ్యవస్థ వెలువరించిన బెల్ 103 అను యంత్రములో, పిలిచినవాడు సున్నకు 1,070 కంపనముల స్వరమును, ఒకటికి 1,270 కంపనముల స్వరమును పలుకగా, బదులిచ్చువాడు 2,025, 2,225 కంపనముల పైస్థాయిలో పలికెడివాడు. అందుచే ఒకే తీగపై ఇరువురును ఏకకాలమున పాడుచున్నను ఒకరి పాట నొకరు చెఱుపలేదు. దాని వేగము సెకనుకు 300 బిట్లు, అనగా సుమారు ముప్పది అక్షరములు. త్వరగా చదువువాడు దానితో సరిసమానముగా చదువుకొనవచ్చును.

1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెము అను పరికరమును తెచ్చినది. అంతవఱకు మనుష్యుడు చేయుచుండిన నంబరు త్రిప్పుటయు, ఫోనెత్తుటయు, పెట్టుటయు ఇక కంప్యూటరే ఆజ్ఞాపించి చేయించుకొనగలిగినది. ఆ ఆజ్ఞలు ఎంత చక్కగా కూర్చబడినవనగా, ప్రపంచములోని ఇతర మోడెము తయారీదారులు ఇంచుమించు అందఱును వానినే అనుసరించి, తమ పెట్టెల మీద "హేస్‌కు సరిపడును" అని వ్రాసికొనిరి. అందఱి పెట్టెలును హేస్ భాషయే మాటలాడుచుండగా, ఎక్కువ వెల పెట్టి హేస్ పెట్టెయే కొనవలసిన అగత్యము ఎవ్వరికిని లేకపోయెను. 1994లో దివాలా రక్షణను ఆశ్రయించి, ఎట్లో తేరుకొని, 1998లో మరల అదే గుమ్మమెక్కి, 1999 జనవరిలో ఆ కంపెనీ ఆస్తులమ్ముకొని మూతపడినది. మోడెములు మున్నెన్నడు లేనంతగా అమ్ముడుపోవుచున్న దినములవి! ఈ ముచ్చటను పాఠకులు కొంచెము జ్ఞప్తి నుంచుకొనవలెను.

ఇరుకుదారిలో ఎంత సరకు పట్టునో 1948లోనే క్లాడ్ షానన్ గణితముచే నిర్ణయించియుండెను. తీగ వెడల్పును, అందలి సంకేతమునకును రొదకును గల నిష్పత్తిని ఎఱిగినచో హద్దు తెలియును; మంచి టెలిఫోను తీగకు అది సెకనుకు ఇంచుమించు 35,000 బిట్లు. ఇంజనీర్లు ఒక్కొక్క స్వరమును దాని బిగ్గరతనమును బట్టియు, తరంగము మొదలగు స్థానమును బట్టియు అనేక రూపములుగా విభజించి, సెకనుకు 3,429 స్వరములలో ఒక్కొక్కదానికి తొమ్మిది పది బిట్లు మూటగట్టి, 33,600 వఱకు చేరి, గోడకు తల యానించి నిలిచిరి. 1998లో స్థిరపడిన 56,000 బిట్ల పద్ధతి ఆ గోడను దాటలేదు; ప్రక్కనున్న వాకిలిని కనిపెట్టినది. అప్పటికే టెలిఫోను ఎక్స్ఛేంజీలు లోపల అంకెలతో నడచుచుండెను. సెకనుకు 8,000 మారులు ధ్వనిని కొలిచి, కొలతకు ఎనిమిది బిట్ల చొప్పున వ్రాసికొనెడివి. సేవను అమ్ము కంపెనీ తన వైపున తీగ లేకుండ నేరుగా ఆ అంకెలతోనే ఎక్స్ఛేంజీకి చేరినచో, ఎక్స్ఛేంజీ నుండి ఇంటికి పోవు తుదిమెట్టు మాత్రమే ధ్వనిగా మిగులును. ఎనిమిదింటిలో ఏడు బిట్లను నమ్మి 8,000చే గుణింపగా వచ్చినది 56,000. ఇంటినుండి పైకి పోవు దారి మాత్రము పాత 33,600 దగ్గఱనే ఉండిపోయెను. మన ఊళ్ల తీగలపై నలుబదివేలు దొరకినను భాగ్యమే. ఆ వేగమున నాలుగు మెగాబైట్ల సినిమాపాట దిగుటకు పదమూడు నిమిషములు మించి పట్టును. వంటింటిలో నెవరైనను రెండవ ఫోను ఎత్తినచో ఆ పదమూడు నిమిషములును గంగపాలు.

మోడెము కూతను విన్నవారు మఱువలేరు. మొదట 2,100 కంపనముల సన్నని నిడుపైన ఈల. అది దారిలోని ప్రతిధ్వని నివారకములను నిద్రపుచ్చుటకు. పిమ్మట ఇరువైపుల గరగరలు, బుసలు. అవి తీగ మంచిచెడ్డలను కొలుచుటకు, ఎంత వేగమున పోదమని బేరమాడుటకు. రైల్వేవారికి ఇది వింత గాదు. రెండు స్టేషనుల నడుమ బండి నడపవలెనన్న, ఈవలి మాస్టరు బ్లాకు యంత్రముపై గంట కొట్టి, ఆవలి మాస్టరు మారుగంట కొట్టి, లైను క్లియరు ఇచ్చిన గాని సిగ్నలు పడదు. మోడెము పెట్టిన రొదయంతయు లైను క్లియరు కొఱకే.

భారతదేశమున ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందినది. బొమ్మలతో చూడదగిన పూర్తి కనెక్షను 250 గంటలకు 15,000 రూపాయలు. టెలిఫోను బిల్లు వేఱు. సమీపమున సేవాద్వారము లేని ఊరివారికి ప్రతి నిమిషమును ఎస్‌టీడీ నిమిషమే. ఆ యేడు డిసెంబరులోనే, బైర్రాజు రామలింగరాజు హైదరాబాదున నెలకొల్పిన సత్యం కంప్యూటర్స్ వారు సత్యం ఇన్ఫోవే అను పిల్లకంపెనీకి జన్మమిచ్చిరి. చెన్నపట్టణము కేంద్రముగా ఆర్. రామరాజ్ దానిని నడిపెను. 1998 నవంబరులో ప్రభుత్వము ప్రైవేటువారికి తలుపు తెఱచినంతనే ఆ తలుపులో మొదట అడుగిడినవారిలో ఈ కంపెనీ యొకటి. కొని తెచ్చిన సీడీని కంప్యూటరులో నుంచి, సత్యం ఆన్‌లైన్ నంబరునకు మోడెముచే ఫోను చేయించి, గంటల లెక్కన లోకమును చూచుట మధ్యతరగతి ఇండ్లలో ఆచారమయ్యెను. మోడెము కొనలేనివారికి వీథులలో ఐవే అను బోర్డుల క్రింద సైబరు కేఫులు వెలసినవి.

1999 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికా నాస్‌డాక్ విపణిలో, వాటాపత్రము 18 డాలర్ల చొప్పున, ప్రవేశించినది. అచ్చట కాలుమోపిన మొదటి భారతీయ ఇంటర్నెట్టు కంపెనీ యిదియే. నవంబరు నెలాఖరున, రాజేశ్ జైన్ నడుపుచున్న ఇండియావరల్డ్‌ను, అనగా సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చి మున్నగు వెబ్‌సైట్లను, 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒడంబడినది. వార్తలు, క్రికెట్టు, వంటకములు చూపు పుటలకు 499 కోట్లా యని దేశము నోరు తెఱచెను. 2000 ఫిబ్రవరిలో అదే కంపెనీ క్రొత్త పత్రములను ఒక్కొక్కటి 320 డాలర్ల చొప్పున అమ్మగలిగినది. నాలుగు నెలలలో తీగ వెడల్పు ఒక్క కంపనమైనను పెరుగలేదని మనము గమనింపవలెను. పెరిగినది ఆశ యొక్కటియే.

ఆ మార్చి దాటిన పిమ్మట నాస్‌డాక్ కుంగిపోయెను. పత్రములను విడదీసిన లెక్క కలిపి చూచినను, రెండేండ్లు తిరుగునప్పటికి సత్యం ఇన్ఫోవే పత్రము విలువ కొలది డాలర్లకు దిగజాఱినది. ఇండియావరల్డ్‌కు పోసిన ధనములో అధికభాగమును నష్టముగా ఖాతాపుస్తకములో కొట్టివేయవలసి వచ్చినది. పతనమునకు బజారు జ్వరమే కారణమని సాధారణముగా చెప్పుదురు. నాకు మాత్రము ఆ నల్లపెట్టెలోనే దాని బీజమున్నట్లు తోచును. ఈ కంపెనీ అమ్మినది గంటలను. గంటలేల అమ్ముడుపోయినవి? దారి ఇరుకైనది గనుక, నాలుగు నిమిషముల పని నలుబది నిమిషములు పట్టెడిది గనుక. ఆ ఇరుకుదారియు కంపెనీ సొంతము గాదు. తీగ టెలిఫోను శాఖది, ప్రతి పిలుపు మీదను వారి మీటరు వేఱుగా తిరుగుచుండెను. మోడెము భాష అందఱికిని ఒకటియే గనుక, హేస్ పెట్టెకు పట్టిన గతియే దీనికిని పట్టెను: చందాదారుడు నంబరు మార్చుకొన్న చాలును, మఱియొక కంపెనీవాడగును. క్రొత్తవారు గంట ధరను తగ్గించుచు పోగా, తీగ గల ప్రభుత్వసంస్థయే సేవకును దిగినది. 2004 అక్టోబరులో ప్రభుత్వము సెకనుకు 256 కిలోబిట్లను బ్రాడ్‌బ్యాండుకు కనీసముగా నిర్ణయింపగా, 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ తన డేటావన్ సేవను ఆరంభించెను. అదే రాగితీగ! కంఠధ్వని కొఱకు విధించిన 3,400 కంపనముల కత్తిరింపును తప్పించి, ఆపైనున్న విశాల ప్రదేశమున డీఎస్ఎల్ అను పద్ధతి నడచినది. మాటలాడుచునే ఇంటర్నెట్టు చూడవచ్చును. ఈలయు లేదు, గంటల బేరమును లేదు.

2002 నుండి సత్యం కంప్యూటర్స్ ఈ పిల్లకంపెనీపై తన పట్టును సడలించుకొనుచు వచ్చి, 2005 నవంబరులో మిగిలిన వాటాను అమెరికాలో చిప్పుల కంపెనీని నిర్మించి అమ్మిన రాజు వేగేశ్న సంస్థకు అమ్మివేసెను. ఆ నడుమ కంపెనీ సిఫీ అని పేరు మార్చుకొని, 2007లో సిఫీ టెక్నాలజీస్ అయ్యెను. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో సత్యం కంప్యూటర్స్ లెక్కలలో 5,040 కోట్ల రూపాయల లేని నగదు బయటపడినప్పుడు, పుట్టింటి నిప్పు సోకనంత దూరమున ఈ సంస్థ యుండుట యాదృచ్ఛికమైన అదృష్టము. ఇంటింటి చందాల వ్యాపారము క్షీణించినను, కంపెనీల కొఱకు వేసిన తీగలును, 2000లోనే నవీ ముంబయి వాశీలో తెఱచిన డేటాకేంద్రమును దానికి అన్నము పెట్టినవి. నేటికిని అదియే దాని వృత్తి.

పరదేశములలో పెద్దలకును ఇదియే దశ పట్టెను. 2000 జనవరిలో టైమ్ వార్నర్ అను మీడియా సంస్థను తనలో కలుపుకొందునన్న అమెరికా ఇంటర్నెట్టు కంపెనీ ఏఓఎల్, కలిసిన సంస్థ 2002వ సంవత్సరమునకు సుమారు 9,900 కోట్ల డాలర్ల నష్టము చూపినను, మోడెము చందాదారులను వదలక నడిపి, 2025 సెప్టెంబరు 30న గాని ఆ సేవను ఆపలేదు. మోడెమునకు శ్రాద్ధదినము నిర్ణయింపవలెనన్న ఆ తిథి చాలును.

బిలాసుపూరులో నేడు ఆ దారి ఎచ్చట నున్నదని వెదకువారు రైలుపట్టాల ప్రక్కన చూడవలెను. 2000 సెప్టెంబరులో, బజారు కూలుచుండిన ఆ నెలలలోనే, రైల్వేవారు రైల్‌టెల్ అను సంస్థను స్థాపించి, తమ పట్టాల వెంబడి భూమిలో గాజుతీగ నడుపసాగిరి; 2016 నుండి స్టేషనులలో వైఫై ఇచ్చుచు, 2021 నాటికి ఆరువేల స్టేషనులకు విస్తరించిరి. కొర్బా బొగ్గుతో కదలు గూడ్సుబండ్ల క్రింద నేల అదరుచుండగా, దాని ప్రక్కనే వెలుగు మాటలాడక పోవుచుండును. అటకకెక్కిన పెట్టెను గూర్చి అడిగిన బాలుడు తన ఫోనులో దాని కూతను వెదకి వినిపింపగా, బామ్మగారు చెవి యొగ్గి విని, "ఆఁ, అదే. అది ఆగగానే అమెరికా నుండి మీ నాన్న ఉత్తరం వచ్చేది" అనిరి.