పరదేశములో స్వతంత్ర వృత్తి: నివాసము ఎంచుకొనుట ఎట్లు?

కొద్దికాలము క్రిందట ఒక ప్రసంగమునకై మా స్టూడియోకు వచ్చిన యువకుడొకడు, రికార్డింగు ముగిసిన పిమ్మట నన్నొక ప్రశ్న అడిగినాడు. అతడు ఏ సంస్థలోను ఉద్యోగి కాడు. విదేశములలోని ప్రచురణకర్తలకు పుస్తకముల బొమ్మలు వేసి, ఇంటర్నెట్టు ద్వారా పంపి, పనికి ఇంత అని ప్రతిఫలము పుచ్చుకొనుచున్నాడు. "ఎక్కడ కూర్చుండి వేసినను బొమ్మ బొమ్మయే గదండీ! కొన్నేండ్లు పరదేశములో ఉండవలెనని ఉన్నది. అన్నిటికంటె మంచి చోటు ఏది?" అన్నాడు. వెంట వచ్చిన తల్లి మాత్రము, "అక్కడ జ్వరము వస్తే తలుపు తట్టేవారెవరో అది కూడా అడుగు నాయనా" అన్నది. ఆ ఇద్దరి ప్రశ్నలకు సమాధానమే నేటి ప్రసంగము.

ఉద్యోగి నివసించు ఊరిని చాలావరకు యజమాని నిర్ణయించును. స్వతంత్ర వృత్తిదారునకు ఆ నిర్బంధము లేదు. అందుచేత చాలమంది సముద్రతీరమును, చౌక అద్దెలను చూచి ఊరిని ఎన్నుకొందురు. దూరపు కొండలు నునుపు. ముందుగా చూడవలసినది కొండ కాదు, దారి. అనగా ఆ దేశపు చట్టము మనలను అక్కడ ఉండి పనిచేయనిచ్చునా అన్నది.

పర్యాటక వీసా సాధారణముగా దేశమును చూచుటకు ఇచ్చు అనుమతి, సంపాదించుటకు కాదు. "హోటలు గదిలో కంప్యూటరు తెరిస్తే ఎవరు చూచెదరు?" అని ధైర్యము చెప్పువారు ఉందురు. పట్టుబడినవానిని వెనుకకు పంపివేయవచ్చును. తరువాత వీసా దొరకక పోవచ్చును. ఆ కష్టము ధైర్యము చెప్పినవారిది కాదు. ఇటీవలి సంవత్సరములలో కొన్ని దేశములు దూరమునుండి పనిచేయువారికై ప్రత్యేక వీసాలను ఏర్పరచినవి. ఎస్టోనియా 2020 ఆగస్టులోను, పోర్చుగల్ 2022 అక్టోబరులోను, థాయిలాండు 2024 జూలైలోను ఇట్టివి ప్రారంభించినవి. స్పెయిన్ 2022 డిసెంబరునాటి చట్టముద్వారా ఈ అవకాశము కల్పించినది.

వీని షరతులు ఒక్క తీరుగా లేవు. పోర్చుగల్ తమ దేశపు కనీస వేతనమునకు నాలుగు రెట్లు ఆదాయము చూపుమనును. 2025లో ఆ వేతనము 870 యూరోలు. కాబట్టి నెలకు 3,480 యూరోలు చూపవలసి వచ్చినది. థాయిలాండు నెలసరి ఆదాయమునకు బదులు 5 లక్షల బాత్‌ల నిల్వ చూపుమనును. ఆ వీసా 5 సంవత్సరములు చెల్లును గాని, ఒకసారి ప్రవేశించినపుడు ఇచ్చు అనుమతి 180 దినములకే. స్పెయిన్‌లో స్వతంత్ర వృత్తిదారుడు స్థానికులవద్ద కూడ పని తీసుకొనవచ్చును. అయితే అది మొత్తము పనిలో 20 శాతము మించరాదు. ఒక నెల పండి, మరొక నెల ఎండు వృత్తిలో ఉన్నవారు తమ లెక్కలను ఈ షరతులతో సరిచూచుకొనవలెను.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ స్వతంత్ర వృత్తులకు చిరకాలముగా నివాసానుమతి కలదు. జర్మనీలోనే పని సంపాదించుకొనదలచినవారికి అది తగినది. కాని 45 సంవత్సరములు దాటిన మనదేశీయులు వృద్ధాప్యమునకు తగిన ఏర్పాటు ఉన్నట్లు చూపవలసి యుండును. నా వయస్సువారు ఈ మాట గమనింపగలరు.

మరి రెండు హెచ్చరికలు. ఎస్టోనియా 2014నుండి ఇచ్చుచున్న "ఇ-రెసిడెన్సీ" వ్యాపారమునకు ఉపయోగపడు ఎలక్ట్రానిక్ గుర్తింపు మాత్రమే. దానితో ఆ దేశములో నివసించు హక్కు రాదు. జపాను 2024లో ఆరు నెలల అనుమతి నొకదానిని ప్రారంభించినది గాని, నాడు ప్రకటించిన అర్హదేశముల పట్టికలో భారతదేశము లేదు. కాబట్టి వార్త చదివి మురియక, అది మన పాస్‌పోర్టుకు వర్తించునా అని ఆ దేశపు రాయబార కార్యాలయపు ప్రకటనలో చూడవలెను.

రెండవది గడియారము. మన చిత్రకారుని ప్రచురణకర్తలు న్యూయార్కులో ఉన్నారనుకొందము. చలికాలములో వారి ఉదయము 9 గంటలకు లిస్బనులో మధ్యాహ్నము 2 గంటలు; బాంకాకులో రాత్రి 9 గంటలు. వారి పనివేళ ముగియుసరికి లిస్బనులో రాత్రి 10 అగును, బాంకాకులో తెల్లవారుజాము 5 అగును. అదే ప్రచురణకర్త సింగపూరులో ఉన్నచో లెక్క తారుమారగును: బాంకాకులో ఉదయము 8 గంటలకు పని మొదలగును, లిస్బనులో నడిరేయి 1 గంటకు లేవవలెను. అద్దెలో మిగిలిన సొమ్ముకు నిద్ర దొరకదు. కనుక పని ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూడక ఊరిని ఎంచరాదు.

మూడవది దినముల లెక్క. ఒక ఆర్థిక సంవత్సరములో 182 దినములు గాని అంతకు మించి గాని భారతదేశములో ఉన్నవాడు ఆదాయపు పన్ను విషయములో ఇక్కడి నివాసియే. విదేశములో సంపాదించినది కూడ ఇక్కడ లెక్కకు వచ్చును. థాయిలాండు తన వంతుగా, ఒక క్యాలెండరు సంవత్సరములో 180 దినములు ఉన్నవానిని తన నివాసిగా ఎంచును. వారి సంవత్సరము జనవరిలోను, మన ఆర్థిక సంవత్సరము ఏప్రిల్‌లోను మొదలగుటచేత ఒకే కాలము రెండు లెక్కలలోను పడవచ్చును. ఒకే ఆదాయముపై రెండు పన్నులు పడకుండ ఇట్టి దేశములతో మనకు ఒప్పందములు ఉన్నవి. కాని ఆ రక్షణ అడిగినవారికే, కాగితములు దాచుకొన్నవారికే. బయలుదేరుటకు ముందే ఆడిటరును కలిసికొనుట మేలు.

ఇక ఆ తల్లి ప్రశ్న. ఉద్యోగికి సెలవు జీతము ఉండును. స్వతంత్ర వృత్తిదారుడు మంచము పట్టిననాడు ఆదాయము కూడ మంచము పట్టును. ప్రయాణపు బీమా చాలవరకు కొద్దికాలపు యాత్రకై ఉద్దేశింపబడినది. దీర్ఘ నివాసమునకు ఆరోగ్య బీమా వేరుగా తీసుకొనవలెను. పాత వ్యాధులకు అది వర్తించునో లేదో చదువవలెను. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొనుట మంచిది. ఐరోపా సమాజ దేశములలో అత్యవసర సహాయమునకు 112 అను టెలిఫోను సంఖ్య ఉన్నది. విదేశములోని మన పౌరులు తమ ఇబ్బందులు తెలుపుకొనుటకు విదేశాంగ శాఖవారి "మదద్" పోర్టలు 2015లో ఏర్పడినది. ఇవి అన్నియు ఉన్నను, అర్ధరాత్రి తలుపు తట్టువాడు చట్టమువలన రాడు. తెలిసినవారు ఒకరిద్దరున్న ఊరు, అద్దె కొంత హెచ్చైనను, ఎవరును లేని చౌక ఊరికంటె నయము.

ఆ యువకునకు నేను ఏ ఊరి పేరును చెప్పలేదు. వీసా షరతులు, పనివేళలు, పన్ను దినములు, వైద్యము అని నాలుగు గళ్ళు గీసి, మనసులోని ప్రతి ఊరికి ఆ గళ్ళు నింపుమన్నాను. అన్నియు నిండిన ఊళ్ళలో సముద్రము ఉన్నదానిని ఎంచుకొనవచ్చును. తల్లి ఆ కాగితము తీసుకొని, నాలుగవ గడి తానే నింపించెదనని చెప్పి, మడిచి సంచిలో పెట్టుకొన్నది.