పెరటి కూరలకు వేపగింజల కషాయం



పెరట్లో నాలుగు వంగమొక్కలు, నాలుగు బెండమొక్కలు వేసుకున్నాం. పేనుబంక పట్టి ఆకులు ముడుచుకుపోతున్నవి. ఏం చేద్దాం? అంగడికి పోయి పురుగుమందు తెచ్చి కొడదామా? కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కాయ కోయరాదని ఆ మందు చీటీ మీదనే రాసి ఉంటుంది. బెండకాయ అన్ని రోజులు ఆగుతుందా? ఆగితే ముదిరి కూరకు పనికిరాదు. ఆగకుండా కోస్తే విషం పిల్లల కంచంలోకి వస్తుంది. అందుచేత రోజూ కోసుకునే పెరటి కూరలకు వేపగింజల కషాయమే మేలు.

అయితే కషాయం కొట్టిన మరునాడే చచ్చిన పురుగుల కోసం వెతికి, కనబడలేదని మానేసేవాళ్లు చాలామంది. వేప చేసే పని వేరు. గింజలో ఉండే అజాడిరక్టిన్ అనే చేదు పదార్థం పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది. తిన్న పిల్లపురుగు కుబుసం విడవలేక, ఎదగలేక నశిస్తుంది. దానికి కొన్ని రోజులు పడుతుంది. 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు పచ్చనాకంతా మేసిపోయినా వేపచెట్లు మాత్రం నిలిచి ఉండటం ష్ముట్టెరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గమనించాడు.

ఇక తయారుచేసే పద్ధతి. తొలకరి రోజుల్లో రాలిన వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి గోనెసంచిలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే బూజు పడుతుంది. ఏడాది దాటితే గింజలో సత్తువ తగ్గుతుంది. పగలగొడితే పప్పు ఆకుపచ్చగా ఉండాలి, నల్లబడ్డది పారవేయవలసిందే.

100 గ్రాముల పప్పు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, ఉదయాన్నే 2 లీటర్ల నీళ్లలో నానవేయండి. సాయంత్రం మూటను ముంచి ముంచి, నీళ్లు పాలవలె తెల్లబడేదాకా పిండండి. వడకట్టి 2 గ్రాముల సబ్బుపొడి కలపండి. సబ్బు లేకుంటే కషాయం ఆకు మీద నిలవక జారిపోతుంది. మరగబెట్టాలా అంటారేమో! కషాయమని పేరే గాని దీన్ని పొయ్యి మీద పెట్టరాదు. వేడికి సత్తువ పోతుంది.

ఎండకు కూడా అంతే. అందుకే పొద్దువాలిన తర్వాత కొట్టాలి. పేనుబంక, తెల్లదోమ ఆకు అడుగున ఉంటవి గనుక అడుగుభాగం బాగా తడవాలి. మిగిలిన కషాయం మర్నాటికి దాచవద్దు. వారం పది రోజులకొకసారి మళ్లీ తాజాగా చేసి కొట్టండి. వాన కురిస్తే కొట్టింది కొట్టుకుపోయినట్లే.

వంకాయలోకి దూరిన పురుగును మాత్రం ఈ కషాయం అందుకోలేదు. వాడి వేలాడుతున్న కొమ్మల చివర్లు, పుచ్చుకాయలు తుంచి కాల్చివేయండి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కనిపిస్తే వాటిని చంపకండి. అవి మనకు చుట్టాలు.

కొందరు పొగాకు కషాయం కొడతారు. ఇంట్లో కాచినంత మాత్రాన అది నిరపాయం కాదు. పొగాకులోని నికోటిన్ మనిషికీ విషమే, చర్మం గుండా కూడా ఒంటికెక్కుతుంది. పెరట్లో దాని జోలికి పోవద్దు. వేప కొట్టిన కాయనైనా బాగా కడిగే వండుకోండి.

పురుగు పట్టిన తర్వాత గింజల కోసం తిరిగితే దొరకవు. పండు రాలే రోజుల్లోనే నాలుగు దోసిళ్లు ఏరి దాచుకోండి. ఏడాది పొడుగునా పెరటికి అదే కాపలా.