తలుపు మూసిన స్నానాల గదిలో ఐదు నిమిషాలు

కోలారు జిల్లా దాదాపు 800 మీటర్ల ఎత్తున్న పీఠభూమి. డిసెంబరు, జనవరి నెలల్లో బేతమంగళలో తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుకోలేం. మునుపు పెరట్లో నీళ్లపొయ్యి మీద అండా పెట్టి, నీలగిరి కట్టెలతోనో ఆకు దూసిన మల్బరీ పుల్లలతోనో నీళ్లు కాచేవాళ్లు. పొగకు కళ్లు మండేవి, కానీ అది ఆరుబయటే కలిసిపోయేది. ఇప్పుడు ఎన్నో ఇళ్లలో ఆ మంట గ్యాస్ గీజరై స్నానాల గదిలోకే వచ్చింది. ఆ గదిలో గాలి ఎంత, మంటకు కావలసింది ఎంత అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

నిమిషానికి 6 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేసే గీజరు గంటకు సుమారు ఒక కిలో గ్యాస్ కాలుస్తుంది. అంటే నిమిషానికి 16 గ్రాములు. అది పూర్తిగా కాలడానికి దాదాపు 200 లీటర్ల గాలి కావాలి. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టేదే 6,800 లీటర్లు. అందులో ఆక్సిజన్ 21 శాతం. చలిగాలి రాకుండా వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టి, తలుపు బిగించి గీజరు వేస్తే ఐదు నిమిషాల్లో ఆక్సిజన్ 18 శాతానికి, పది నిమిషాల్లో 15 శాతానికి దిగిపోతుంది. తలుపు సందుల్లోంచి వచ్చే గాలి దీన్ని కొంత ఆలస్యం చేస్తుందంతే. కొన్ని గీజర్లు 20 నిమిషాలకు వాటంతటవే ఆరిపోతాయి. ఈ లెక్క చూస్తే ఆ ఏర్పాటును నమ్ముకుని నిశ్చింతగా ఉండలేం.

ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో 0.16 శాతం ఉంటే 20 నిమిషాల్లో తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. రెండు గంటల్లోపు మరణం. 1.28 శాతానికి చేరితే మూడు నిమిషాలు చాలు. మనం చెప్పుకున్న గదిలో 0.16 శాతమంటే పదకొండు లీటర్లు, ఒక చిన్న బకెట్టెడు.

లోపలున్న మనిషికి కాళ్లలో సత్తువ పోతుంది. ప్రమాదమని తెలిసినా లేచి గడియ తీయలేడు. బయటపడినవాళ్లు కూడా పైత్యమనో, ఖాళీ కడుపనో అనుకుని పడుకుంటారు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి చూస్తే 98 చూపించవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. ఆ అంకెను నమ్మకండి. మామూలు గాలి పీలిస్తే రక్తంలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అందుకే మనిషిని బయటికి లాగి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పట్టుపురుగులు సాకే కుటుంబాలకు ఇంకో మాట చెప్పాలి. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వెచ్చదనం కావాలని గదిలో బొగ్గుల కుంపటి పెడతారు. బొగ్గు పొగ లేకుండా ఎర్రగా రాజుకున్నాక ఇక భయం లేదనుకుంటారు. నిజానికి పొగ కనిపించని ఆ కణకణలాడే బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. రాత్రి మేత వేసి అక్కడే నడుం వాల్చేవాళ్లకు అది ప్రాణాంతకం. కుంపటి ఉన్న గదిలో నిద్రపోకూడదు. పురుగుకూ మంచి గాలి అవసరమే కాబట్టి పైకిటికీ తెరిచి ఉంచితే పంటకూ మేలే.

గీజరుకు ఏడాదికోసారి, చలి మొదలవకముందే సర్వీసు చేయించాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు తిరిగినా, పైన మసి పట్టినా బర్నరుకు దుమ్ము పట్టిందనో, గాలి చాలడం లేదనో అర్థం, బాగుచేసేదాకా వాడొద్దు. సురక్షా ట్యూబును ఐదేళ్లకు మార్చాలి. 14.2 కిలోల సిలిండరు పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. సి-27 అంటే 2027 జులై-సెప్టెంబరులోగా దానికి మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

అన్నిటికంటే ముఖ్యం, గీజరును గది గోడకు అవతల, గాలి ఆడే చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. అందుకయ్యేది ప్లంబరు కూలి, కొన్ని అడుగుల పైపు ఖర్చు. అది చేయించేదాకా నీళ్లు బకెట్లో పట్టుకుని, గీజరు ఆపి, తలుపు కాసేపు తెరిచి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి. మీ ఇంట్లో వెంటిలేటరుకు అట్ట అడ్డం పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి.